తలుపు తీసిన పెళ్లాం

పంచాయతీ రేడియోలో ఈ వారం నాటకం మంచి పట్టులో ఆపారు. సముద్రంలో మునిగినవాడు దెయ్యమై వచ్చి తలుపు కొట్టాడు. పెళ్లాం తీసింది.

మా సూర్యలంక మేధావులకు కోపమొచ్చింది.

"గోడలో దూరే దెయ్యానికి తలుపు కొట్టే ఖర్మేంటి?" అన్నాడు సింగరయ్య. "కాళ్లు వెనక్కున్నాయేమో చూసుకోకుండా ఏ ఆడదన్నా తీసుద్దా? అంతా అబద్ధం!"

చేపల వేటకెళ్లిన మా అబ్బాయి నెల దాటినా రాలేదు. సముద్రాన్నైనా అడక్కుండా, వాడు చనిపోయాడని తేల్చి, రేపు కోడలి గాజులు తీయించమన్నదీ ఈ న్యాయమూర్తులే.

మా కోడలు పేరంటాలు లేచింది. "తీసుద్ది బాబాయ్. మొహం చూస్తారు గానీ కాళ్లెవరు చూస్తారు?"



"నాటకం ఇంకా నాలుగు వారాలుందంట తమ్ముడూ," అన్నాను సింగరయ్యతో. "అదవనీ. గాజుల సంగతి అప్పుడు చూద్దాం."