ఏడో నంబరు

"ఆ పెట్టె విప్పకండి బాబూ. మీకు కావాల్సింది అది కాదు."

జగన్నాథరావు వెనక్కి తిరిగి చూశాడు. జాన్ బాబు మెకానిక్ షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. భుజాన గుడ్డసంచీ, చేతిలో కర్ర.

"మీరెవరండీ?"

"రేపల్లె నుంచి వచ్చానండి. మీ కారు లోపలికొస్తుంటే విన్నాను. ముందు కుడి చక్రం దగ్గర టకటకమంటోంది."

"దానికేగా ఈ సామాను తెప్పించింది!"

జగన్నాథరావుది ఫ్రెంచి కారు. కొన్న కొత్తలో తెనాలిలో పదిమందీ ఆగి చూసేవారు. ఇప్పుడు చిన్న సామానుకి కూడా దిక్కు లేదు. ఓనర్లే ఫోనులో వెతికి తెప్పించుకుని మెకానిక్ చేతిలో పెట్టాలి. ఆ బాధ పడలేకే తెనాలి, బాపట్ల, రేపల్లె ఓనర్లంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు.

ఫ్రెంచి పేర్లకి తెలుగు చేసిన లిస్టు ఒకటి అందులో తిరుగుతుంటుంది. దాని ప్రకారం స్పార్క్ ప్లగ్గు కొవ్వొత్తి. ఇంజన్లో తిరిగే కడ్డీ చెట్టు. ఏడో నంబరు మోకాలిచిప్ప; చక్రం దగ్గర టకటకమంటే మార్చాల్సిన స్టీరింగు సామాను అదేనని రాసి ఉంది.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకున్నారు గానీ, జగన్నాథరావుకి ఆ లిస్టంటే గురి. అడుగున 'కూర్పు: వి.ఎస్.' అని ఉంది. ఎవరో పెద్ద ప్రొఫెసర్ అయ్యుంటాడని ఆయన నమ్మకం.

"ఏడో నంబరు తప్పండి," అన్నాడు ముసలాయన. "మీరు తెచ్చింది స్టీరింగుది. చప్పుడు చేసేది కింద, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు. అది ఊడితే చక్రమే పడిపోతుంది. జాకీ వేసి ఒకసారి ఊపి చూడమనండి. రెండు నిమిషాల పని."

జాన్ బాబు జాకీ అందుకోబోయాడు. "చూద్దామా సార్?"

"తెచ్చింది బిగించవయ్యా! రేపు పొద్దున్నే మా అమ్మాయి దీప్తికి బాపట్లలో పరీక్ష. ఏడాదంతా చదివింది పిల్ల." జగన్నాథరావు ముసలాయన వైపు తిరిగాడు. "మీరు మెకానిక్కా?"

"కాదండి."

"ఈ కారుందా మీకు?"

"ఉండేదండి."

"మరి ఆ లిస్టు రాసినాయన కంటే మీకెక్కువ తెలుసా ఏంటి?"

ముసలాయన సంచీలో చెయ్యి పెట్టాడు.

మడతపెట్టిన జిరాక్స్ కాగితం ఒకటి తీసి ఇచ్చాడు. సంచీ నిండా అవే కాగితాలు.

"ఇదైనా చదవండి బాబూ. అమ్మాయిని ఎక్కించుకోకముందే చదవండి."

ఏదో అమ్ముకునే బాపతు అనుకున్నాడు జగన్నాథరావు. కాగితాన్ని కారు కాగితాల కవరులో కుక్కేశాడు. ముసలాయన కుంటుకుంటూ స్టేషను వైపు వెళ్ళిపోయాడు.

కొత్త సామాను బిగించాక చప్పుడు కాస్త తగ్గినట్టే ఉంది. చూశావా అన్నట్టు జాన్ బాబు వంక చూశాడు జగన్నాథరావు. జాన్ బాబు పానాలు సర్దుకున్నాడు.

మర్నాడు పొన్నూరు దాటాక కుడి చక్రం ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయింది. కారు పొలంలోకి దూకింది.

ప్రాణాలు దక్కాయి. దీప్తి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. పరీక్ష మొదలయ్యే వేళకి ఆ పిల్ల ఆపరేషన్ గదిలో ఉంది.

ఆసుపత్రికొచ్చిన కానిస్టేబుల్ కారు కాగితాలు అడిగాడు. కవరు విప్పుతుంటే మడతపెట్టిన జిరాక్స్ జారి కిందపడింది.

జగన్నాథరావు గోడకి ఆనుకుని చదివాడు.

'అయ్యా, లిస్టులో ఏడో నంబరు తప్పు. అది నమ్మి నేనూ మా కారుకి ఆ సామానే వేయించాను. ఆ రోజు పక్క సీట్లో కూర్చున్న మా ఆవిడ అనంతలక్ష్మి తిరిగి ఇంటికి రాలేదు. గ్రూపుల్లో పాకిపోయినదాన్ని వెనక్కి తీసుకోలేక, కారున్న ప్రతివారినీ ఇలా వెతుక్కుంటున్నాను. నోటితో చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. ఆ లిస్టు రాసింది నేనే.'