వరద తర్వాత సున్నా

"సున్నా అంటే నమ్మడానికి నాకేమన్నా పిచ్చా అనుపమా?" ఫోన్‌లో గైడ్ కృష్ణమోహన్ సార్ గొంతు మండిపోతోంది.

అమీర్‌పేట మెట్రో మెట్ల కింద రెండో చెవి మూసుకుని నిలబడింది అనుపమ. "ఉన్నదే రాశాను సార్. ఎండాకాలంలో ఒక్కో చేపలో ముప్పై, నలభై పురుగులున్నాయి. వానలు పడి మంజీరకు వరదొచ్చిన దగ్గర్నుంచీ ఒక్కటీ లేదు."

"వరదకు తగ్గాయంటే సరే. మొత్తానికే మాయమవుతాయా? రేపు పదిన్నరకు కమిటీ ముందు నిలబడాల్సింది నేను. ఇవాళ ఇంకో ఆరు చేపలు చూడు. వాటిలోనూ లేకపోతే థీసిస్ మీద సంతకం పెడతాను. లేదంటే ఇంకో ఏడాది పని చెయ్యాల్సిందే."

ఇంకో ఏడాది! అనుపమకు ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికైనా ఓపిక ఉండాలి కదా. వరదలకు చేపల పొట్టలోని పురుగులు ఏమవుతాయో తేలుస్తానని బయల్దేరి అయిదేళ్లయింది. స్కాలర్‌షిప్ ఆగిపోయి ఎనిమిది నెలలు. మధురానగర్ హాస్టల్‌లో ఆమె పక్క మంచం ఎప్పుడూ ఖాళీయే. ఆ నీచు వాసన భరించి ఎవరుంటారు?

షేర్ ఆటో ఎక్కి యూసుఫ్‌గూడలో సత్తెమ్మ చేపల దుకాణం దగ్గర దిగింది. సత్తెమ్మ అమ్మేవన్నీ మంజీర చేపలే. ముక్కలు గిరాకీకి ఇచ్చి, పొట్టలోదంతా చేపకొక కవర్లో కట్టి అనుపమ కోసం పక్కన పెడుతుంది. సాయంత్రం అయిదింటికి వెళ్తే కవర్లు వరసగా సిద్ధంగా ఉంటాయి. పైసా తీసుకోదు. ఒకటే షరతు: దుకాణం దగ్గర పురుగు అన్న మాట ఎత్తకూడదు. గిరాకీ చెవిన పడితే ఇంకేమన్నా ఉందా?

ఇవాళ అనుపమ వచ్చేసరికి ఇంకా పన్నెండు కూడా కాలేదు.

"ఏంది బిడ్డా, గింత ఎండల వచ్చినవ్? మొఖం గట్ల పీక్కపోయింది, తిన్నవా?" కత్తిపీట ముందు నుంచి లేవకుండానే అడిగింది సత్తెమ్మ.

"తర్వాత తింట చిన్నమ్మా. ఆరు కవర్లు కావాలె, అర్జెంటు."

"కోసుడైతే అయింది గానీ, అయిదింటికి రా. తయారు చేసి పెడ్త."

"అప్పటిదాంక ఆగితే పని కాదు. గట్లనే ఇయ్యి, నేను కట్టుకుంట."

సత్తెమ్మ ఏదో అనబోయింది. ఇంతలో ఒకావిడ వచ్చి కిలో చేప అడిగింది. పొలుసు గీకి, కోసి, ముక్కలు తూచి ఇచ్చేదాకా అనుపమ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. నిలబడే నిద్రపోయేంత అలసట. ఈ అయిదేళ్లలో ఆమె నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

ఆవిడ వెళ్లగానే దగ్గరికి జరిగి గుసగుసగా అంది. "చిన్నమ్మా, రేపటితోని నా సదువు ఒడుస్తది. గీ ఆరింట్ల సుత అవి లేకుంటే సార్ సంతకం పెడ్తడు."

"అవంటే? అవేనా?"

"అవే."

సత్తెమ్మ మొహం విచ్చుకుంది. "గంతేనా! గా ఫికర్ ఇడిసిపెట్టు. ఒక్కటి సుత ఉండది. జిమ్మ నాది."

చాలా రోజుల తర్వాత అనుపమకు నవ్వొచ్చింది. "జిమ్మ నీదెట్లయితది? గా పుణ్యం వరదది చిన్నమ్మా. మొత్తం కడిగి పారేసింది. థీసిస్‌ల సుత గదే రాసిన, రెండు వందల పేజీలు."

"వరదనా?" సత్తెమ్మ చిన్నబుచ్చుకుంది.

అనుపమ వినిపించుకోలేదు. చేపకొక గిన్నెలో తీసిపెట్టిన పొట్టలోదంతా గబగబా ఆరు కవర్లలో కట్టి సంచిలో వేసుకుంది. అమ్మకు ఫోన్ చేసి అయిపోయిందని చెప్పాలి. ఆ తర్వాత రెండు రోజులు లేవకుండా పడుకోవాలి. ఆటో కోసం చెయ్యెత్తబోతుంటే, వెనక నుంచి సత్తెమ్మ వచ్చి సంచి పట్టుకుంది.

"ఆగు తల్లీ, గట్లనే పట్టుకపోతవా?" గాజుకు వేలాడుతున్న పిన్నీసు తీసి చేత్తో పట్టుకుంటూ అంది. "అవిటిని లెక్కవెట్టలేక కండ్లు పోతున్నయని మొదటి వాన నాడు గీన్నే కూసోని ఏడిస్తివి గదా, గప్పటి సంది నీకు కష్టం లేకుండ ఒక్కొక్కటి నేనే ఏరి పారేస్తలేనా!"