శాంతయ్య మామ కాలు

"నాచారం చర్చి గల్లీ శాంతయ్య మామేనా?"

"బిడ్డా, అదీ..."

"'ఆ' అను చాలు మామా. పేరు, ఇల్లు అడగనిదే ముచ్చట మొదలువెట్టొద్దని మా రూలు."

ఆ రూలు పాడుగాను! ఉప్పల్ దవాఖానల కూసొని షుగర్ పేషెంట్లకు ఫోన్లు జేసే జెన్నిఫర్‌కు తెల్లారితే ఇదే పాట.

"కాలి పుండుకు కట్టు మారుస్తలేవట. గిట్లనే ఇడిసిపెడితే కాలు తీసేస్తరు, ఎర్కనా?"



"కాలే తీసేస్తరా?"

"మరేమనుకున్నవ్?"

"అట్లయితే చెప్పు బిడ్డా. ఏం జేయాలె?"

ఆనాటి నుంచి వారం వారం అదే గొంతు. మస్తు చాదస్తం మనిషి. "ఆగు, మళ్ల చెప్పు" అంటడు. కట్టు ఎట్ల కట్టాలె, చెప్పులు ఎసుంటియి తొడగాలె, జొన్నరొట్టె తినొచ్చా, అన్నీ తిప్పి తిప్పి అడుగుతడు. ఆఖరికి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అంటడు. జెన్నిఫర్ విసుక్కుంటది గని, ఆ మాట వినకుంటే ఆమెకు అన్నం సయించదు.

శాంతయ్యకు రక్తపరీక్షలల్ల షుగర్ దిగింది. పుండు మానబట్టింది.

ఇంతల దవాఖానకు గుర్తింపు ఇచ్చే అక్రిడిటేషన్ తనిఖీ వస్తుందని అంత ఆగమాగం. ఈ ఫోన్లతోని పేషెంట్లకు నిజంగ మేలైందని చూపెట్టాలె. లేకుంటే షుగర్ ప్రోగ్రాం బంద్, జెన్నిఫర్ నౌకరీ గాయబ్.

సరిగ్గ ఆ గడబిడల మామనే ఫోన్ జేసిండు. గొంతు నీరసంగ ఉన్నది.

"బిడ్డా, ఇంకో నంబర్ చెప్త, రాసుకో. ఇగ దీనికి..."

"నీకు దండం పెడ్త మామా, తనిఖీ అయిపోనీ." టక్కున పెట్టేసింది.

మళ్ల ఆ ఫోన్ కలువలే.

తనిఖీకొచ్చిన తారామణి మేడం రికార్డైన మామ మాటలు వినుకుంట నవ్వింది.

"ఎంత ముచ్చటైన మనిషండీ! ఈయన్ని చూడాల్సిందే. పదండి."

చర్చి గల్లీల ఇల్లు అడిగి పోతే శాంతయ్య ఎదురొచ్చిండు, తన రెండు కాళ్ల మీద, నిమ్మళంగ. జెన్నిఫర్‌కు పానం లేసొచ్చింది.

"మామా! నేనే, జెన్నిఫర్‌ను!"

"ఏ జెన్నిఫర్ బిడ్డా?"

గొంతు వేరే.

"వారం వారం ఫోన్ల మాట్లాడుకుంటం గద మామా?"

"నాకు ఫోన్ యాడిది?"

మేడం ముంగట జెన్నిఫర్ పరువు, నౌకరీ, రెండూ పోయినట్టే.

శాంతయ్య భార్య దానమ్మ గబగబ బయటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నది.

"ఫోన్ల బిడ్డవు నువ్వేనా తల్లీ? నువ్వు చెప్పిందల్ల బిక్షపతన్న వచ్చి చెప్పేటోడు. పీర్జాదిగూడ నుంచి సైకిల్ తొక్కుకుంట వచ్చి, తనే కూసొని కట్టు కట్టేటోడు. మా పక్కింటోళ్ల నంబర్ నీకు చెప్తనన్నడు, చెప్పలేదా?"

"ఇప్పుడు యాడున్నడు?"

"పోయిన ఐతారం గుండె ఆగి పోయిండమ్మా. దేవుడసుంటి మనిషి."

జెన్నిఫర్ ఆ గడపల్నే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తారామణి ఆమె భుజం మీద చెయ్యేసి, దానమ్మను మెల్లగ అడిగింది.

"ఆయన మీకు ఏమవుతారమ్మా?"

"ఏం గాడు మేడం. ఈ బిడ్డ తెల్వక కలిపిన రాంగ్ నంబర్."