మోగని మిషను

శ్లాబు మీద చువ్వలు కడుతున్న మా ఆయన ఎండదెబ్బకు కుప్పకూలాడు. కిందికి దించేలోపే ప్రాణం పోయింది.

నేను సేఫ్టీ సారు చొక్కా పట్టుకున్నాను. "వేడి హద్దు దాటితే మిషను మోగుతుంది, మోగగానే పని ఆపేస్తామన్నావే! పనికిమాలిన మిషను పెట్టి మనిషిని పొట్టన పెట్టుకున్నావు!"

"మిషను బాగానే ఉందమ్మా. ఎందుకు మోగలేదో..."

"పద, చూపించు!" అంటూ పైకి లాక్కెళ్లాను.

స్టాండు మీద మిషనుకు తలపాగాలా తువ్వాలు చుట్టి ఉంది. అన్నాలయ్యాక నేను తడిపి ఆయన తలకు చుట్టిన తువ్వాలే.

అది చుట్టేటప్పుడు ఆయన అన్న మాట చెవిలో మోగింది: "మనమంటే నీళ్లయినా అడిగి తాగుతాం. పాపం, ఆ నోరులేనిది పొద్దస్తమానం ఎండలో మాడిపోతోందే."