తండ్రి రావలెను

ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర ఇంకుతో ఒక గీత, దాని కింద ఒక ముక్క.

‘ఈ సంతకం తండ్రిది కాదు. తండ్రి రావలెను.’

గోవిందరాజులు మొహం కందిపోయింది. మదనపల్లె మార్కెట్ యార్డులో ఆయనకు టమాటా మండీ ఉంది. ఇరవై ఏళ్లుగా ఆయన సంతకాలన్నీ గుమాస్తా సుకుమారే పెడతాడు, లారీ చీటీకైనా, కూతురి ప్రోగ్రెస్ కార్డుకైనా.

"యార్డంతా చెల్లే సంతకం ఆ సార్‌కు చెల్లదా? ఎవురాయన?"

"లెక్కల సార్ నాయనా. సత్యవేదం సార్," అంది ఎనిమిదో తరగతి స్వర్ణ బిక్కుబిక్కుమంటూ.

"క్లాసులో అందరి ముందర గీసినాడా?"

"అవును."

అంతే, పగ పట్టాడు. లెక్కల్లో కూతురికి తొమ్మిది మార్కులే వచ్చిన సంగతి కూడా అదే కార్డులో ఉంది. అది ఆయన కంటికి ఆనలేదు.

పుంగనూరులో ఆ స్కూలు ఆయన ఇంటికి నాలుగు వీధుల దూరం. అయినా వెళ్లలేదు. ఫోన్ చేశాడు.

"ఆ సార్‌ను తీసేయండి. లేదంటే మా మండీల వాళ్ల పిల్లలు ఏడుగురూ టీసీలు తీసుకుంటారు."

స్కూలు వాళ్లు నాన్చారు. ఆయన ముందుగా స్వర్ణ టీసీ తెప్పించాడు, అదీ సుకుమార్‌తోనే.

"బిడ్డను యాడ చేర్పిస్తావు?" అని భార్య అమరావతి అడిగింది.

"ఆన్‌లైన్ స్కూల్లో. ఇంట్లోనే సదువుకుంటాది."

"నలుగురు పిల్లల్లో కూర్చోని సదువుకునే వయసు దానిది. నీ కోపానికి దాన్ని యాల ఇంట్లో కట్టేస్తావు?"

"బడంటే నాలుగు గోడలు కాదులే. సూడు, ఆ స్కూలే నా కాళ్ల దగ్గరికి వస్తాది."

వచ్చింది. మిగతా ఆరుగురూ పోతారన్న భయంతో స్కూలు సత్యవేదాన్ని తీసేసింది. పనిలోనుంచి తీసేసినట్టు ఇచ్చిన కాగితం నకలు ఒకటి గోవిందరాజులుకు పంపింది. ఆయన దానికి లామినేషన్ చేయించి మండీ సొరుగులో దాచుకున్నాడు. కోపమొచ్చినప్పుడల్లా తీసి చూసుకునేవాడు. దాన్నే ఫోటో తీయించి బి.కొత్తకోట, రామసముద్రం స్కూళ్లన్నిటికీ పంపాడు. సత్యవేదానికి చుట్టుపక్కల ఎక్కడా ఉద్యోగం పుట్టలేదు. అప్పటికీ ఆ మనిషిని గోవిందరాజులు కంటితో చూడనే లేదు.

సార్ పోయాక కూడా పిల్లను తిరిగి బడికి పంపలేదు. పంపితే ఓడినట్టని ఆయన లెక్క.

ఆన్‌లైన్ స్కూల్లో మొదటి రెండు నెలలూ స్వర్ణ ఏడుపుతోనే గడిపింది. మూడో నెలలో కొత్త లెక్కల సార్ వచ్చారు. మొహం కనబడదు, తెర మీద బోర్డు, వెనక గొంతు, అంతే. క్లాసు అయిపోయాక రోజూ అరగంట ఆ పిల్ల కోసం ఆగి మళ్లీ చెప్పేవారు. అర్ధ సంవత్సర పరీక్షలో స్వర్ణకు లెక్కల్లో ఎనభై ఎనిమిది వచ్చాయి.

"మీ సార్ పేరేమి పాపా?"

"అందరూ లెక్కల సారే అంటారు నాయనా."

"యాడుంటాడు?"

"బెంగుళూరు," అంది స్వర్ణ తల ఎత్తకుండా.

గోవిందరాజులు పొంగిపోయి ల్యాప్‌టాప్ ముందుకు వంగాడు. "నమస్కారం సార్. ఈడ స్కూల్లో ఒక సార్ ఉండె. బిడ్డకు అక్షరం ముక్క చెప్పకుండా నా పరువు తీసినాడు. మీలాంటోళ్లు కోటికొకరు సార్."

తెర మీద బోర్డు శుభ్రంగా తుడుచుకుపోయింది.

"పాప తెలివైనదండీ," అంది ఆ గొంతు. "రోజూ ఒక పది నిమిషాలు మీరు పక్కన కూర్చోండి. తప్పు చేస్తే మీరు తిడతారని భయం, అంతే."

ఆ రోజు నుంచి సాయంత్రం ఐదు కొట్టేసరికి ఆయన ఇంట్లో ఉండేవాడు. యార్డులో మాత్రం కనబడిన వాళ్లందరికీ గొప్పలు చెప్పేవాడు. "మా పాప సార్‌ను సూడండప్పా. బడి, బెంచీ అంటా ఇంకా యాల అగచాట్లు?"

ఒక మధ్యాహ్నం సుకుమార్ కబురు తెచ్చాడు.

"అన్నా, సత్యవేదం సార్ కుప్పంలో ఉండాడంట. మా చర్చిలో చెప్పుకుంటా ఉండిరి. ఏదో కంపెనీకి ఇంట్లోనుంచే పాఠాలు చెప్తాండాడంట."

చల్లారిందనుకున్న పగ భగ్గుమంది.

"వానికి ఇంకా బుద్ధి రాలేదా? స్కూలు తరిమేసినోడు పిల్లలకు పాఠం చెప్పేదేమి! ఆ కంపెనీ ఏదో కనుక్కోని కంప్లయింట్ పెట్టు. సొరుగులో కాగితం కూడా పంపు."

"రాసినాక నువ్వు ఒకతూరి సూస్తే..."

"నువ్వే సంతకం పెట్టి పంపు. నాకు వేలం టైమయింది."

నాలుగో రోజు సుకుమార్ ఫోన్ చేసి, "పీకేసినారన్నా" అన్నాడు. గోవిందరాజులు అర కిలో మైసూర్‌పాకు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఇన్నాళ్లకు కడుపు చల్లబడింది.

ఐదయింది. తెర మీద ఎవరో కొత్త మేడమ్ మాట్లాడుతోంది. స్వర్ణ వినడం లేదు. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"ఏమైందమ్మా? మీ సార్ యాడ?"

"ఇంక రారు. ఎవురో కంప్లయింట్ పెట్టినారంట. పనిలోనుంచి తీసేసినారు."

గోవిందరాజులుకు ఒళ్లు మండిపోయింది. మైసూర్‌పాకు పొట్లం మంచం మీదికి విసిరాడు.

"అంత మంచి మనిషి పొట్ట కొట్టిన ఆ పాపిష్టోడు ఎవుడు? వాన్ని వదిలేది లేదు, తలెత్తుకోని తిరగనీయను! నువ్వు ఏడవద్దు. మీ సార్‌ను మళ్లీ నేను పెట్టిస్తా. ఆయన పేరు చెప్పు."

స్వర్ణ ల్యాప్‌టాప్ మూసేసింది.

"చెప్పమ్మా. ఇన్నాళ్లూ పేరు కూడా చెప్పకపోతివే?"

"నీకు పేరు చెప్పొద్దని సార్‌ను నేనే బతిమాలుకున్నా నాయనా," అంది స్వర్ణ కళ్లు తుడుచుకుంటూ. "ఆయన సత్యవేదం సార్."