సున్నపు చెయ్యి

"తీయ్, ఆ చెయ్యి తీయ్! నా చెట్టు మీద నీ ముద్రేంటి?"

వెంకటనారాయణ గట్టు మీంచి అరిచేసరికే ప్రమీల అరచెయ్యి ఇప్పచెట్టు మానుకు ఆనుకుంది. తీసి చూసుకుంది. రాత్రే నానబెట్టి చల్లార్చిన తడి సున్నంలో అయిదు వేళ్లూ ముచ్చటగా పడ్డాయి.

"పనైపోయింది సారూ. నేను చదును చేసిన చేన్ల గిట్లనే ఏస్త. ఎరుకే గదా?"

"ఎక్కడైంది? పొలం నడిమధ్యన దిష్టిబొమ్మలాగా ఆ చెట్టు నిలబడే ఉందిగా! పీకెయ్."

"పీకను సారూ."

పర్ణశాల దారిలో ప్రమీల జేసీబీని ఎరగనివాళ్లు లేరు. దాని మీద పేరు లేదు, ఫోన్ నంబరు లేదు. తుప్పలు కొట్టి, ఎత్తుపల్లాలు సరిచేసి, చేలో ఉన్న ఇప్పచెట్టును మాత్రం వదిలేసి, దాని మీద సున్నపు చెయ్యి వేసి వస్తుంది. ఇప్పచెట్టు మీద వాళ్ల గూడెంలో ఎవరూ గొడ్డలి పెట్టరు, ఆమె జేసీబీ బకెట్ పెట్టదు. అంతే సంగతి. ఆ తెల్లచెయ్యి ఉన్న చేలో నీళ్లు నిలవవని, మిరపకు వేరుకుళ్లు రాదని ఊళ్లే చెప్పుకుంటాయి.

"చూడు పిల్లా, అడవి పక్కన నా పొలం ఇంకా బోలెడుంది. చెట్టు పీకితే ఈ ఎండాకాలం పనంతా నీదే. లేదా, రేపు పొద్దున్నే పూల్‌సింగ్ జేసీబీ దిగుతుంది."

ప్రమీల తన బండి వైపు చూసింది. ఈ పని పోతే బండి ఇంటి ముందు పడుండాల్సిందే. పడున్న బండిని ఎన్నాళ్లు మేపగలదు? అమ్ముకోవాల్సిందే. అయినా మెడ వంచలేదు.

"దిగనియ్ సారూ. ఒక్క మాట. చెట్టు పీకినంక ఈ చేను ప్రమీల చదును చేసిందని ఎవ్వరికీ చెప్పకు."

వెంకటనారాయణ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ పేరు చెప్పుకుని బతకాలా నేను? పో, పోవే!"

మర్నాడే చెట్టు కూలింది. ప్రమీల మాట వినే మనిషి కాదని ఆయన ఊరూరా చెప్పాడు. బండి నిజంగానే ఇంటి ముందు పడింది.

"ఒక్క చెట్టు కాడ గింత మొండితనం ఏందే?" అని మొగుడు సతీష్ రోజూ సణుగుతూనే ఉన్నాడు.

"చెట్టొక్కటే కాదు. నా చెయ్యి."

అంతలో ఓ రోజు ఫోన్ మోగింది. మిరప వేయడానికి కౌలు చేను వెతుక్కుంటున్న భద్రు.

"అక్కా, వెంకటనారాయణ సారు చేన్ల ఉన్నం. నువ్వే చదును చేసినవని సారు ఒట్లేస్తున్నడు. మరి చెయ్యేది?"

ఆమె నోరు తెరిచేలోగా అవతల ఫోన్ చేతులు మారింది.

"ప్రమీలా, అవునని ఒక్క మాట చెప్పు తల్లీ! అడవి పక్క పొలం పనంతా నీకే ఇస్తా. వచ్చిన ప్రతివాడూ చెయ్యేదీ, చెయ్యేదీ అని వెళ్లిపోతున్నాడు!"

సతీష్ కళ్లతోనే బతిమాలాడు. ఆమెకు మాత్రం ఆశ లేదా? ఒక్క 'అవ్' చాలు, బండి రేపే కదులుతుంది.

"చెట్టున్నదా సారూ?"

"అది... లేదుగా."

"గట్లయితే అది నా పని కాదు. భద్రన్నకు గట్లనే చెప్పు."

ఫోన్ పెట్టేసింది. సతీష్ ఆ రోజు అన్నం తినలేదు.

రెండు రోజులకు మళ్లీ భద్రే ఫోన్ చేశాడు. "ఏందక్కా గట్ల చెప్పినవ్? చెట్టున్నది, చెయ్యున్నది! నా కండ్ల ముందే ఉన్నది."

ప్రమీలకు ఒళ్లు మండిపోయింది. సతీష్ మోటారుసైకిలెక్కి ఉన్నపళంగా వెళ్లింది.

నిజమే. చేను నడుమ ఆ కూలిన ఇప్పచెట్టే మళ్లీ నిలబడి ఉంది. ఆకులన్నీ వాడిపోయి, చుట్టూ వెదురుబొంగుల ఆసరాతో, ఓ పక్కకు ఒరిగి. మాను మీద తెల్లటి చెయ్యి.

వెంకటనారాయణ ఎదురొచ్చాడు. కుడిచెయ్యి తువ్వాలులో చుట్టుకుని ఉన్నాడు. "రండి ప్రమీలగారూ, రండి!"

ప్రమీల నేరుగా చెట్టు దగ్గరికి నడిచింది. భద్రు చూస్తుండగా తన అరచేతిని ఆ ముద్ర మీద ఆనించింది. ఆమె చెయ్యి చుట్టూ నాలుగువైపులా సున్నం ఇంకా మిగిలే ఉంది.

"సారూ, జర ఆ తువ్వాలు తీయ్."

"దెబ్బ తగిలిందండీ..."

భద్రు చటుక్కున తువ్వాలు లాగాడు. మణికట్టు దాకా తెల్లటి సున్నం, అరచేతి నిండా చల్లారని సున్నం కాల్చిన ఎర్రటి బొబ్బలు.