బంపరు మీద గీతలు

"సున్నం అంటిందేంటి నాన్నా?"

కూతురు కారు వెనక బంపరు మీద వేలితో రాసి, ఆ వేలిని డాక్టరుగారి కళ్లజోడు ముందు పెట్టింది. వేలి కొస తెల్లగా ఉంది.

"దుమ్మయి ఉంటుందిలే. ఆ రబ్బరు పట్టీ ఇలా ఇవ్వు," అన్నారాయన. అపార్ట్‌మెంటు సెల్లారులో, కారు వెనక గొంతుక్కూర్చుని ఉన్నారు.

"దుమ్ము కాదు, ఈ స్తంభానిది. నిజం చెప్పు, రివర్సులో నువ్వే గుద్దుతున్నావు కదూ?"

"పశువుల డాక్టరుగా ముప్పయ్యేళ్లు ఎద్దుల కొమ్ముల మధ్య నుంచి చెక్కు చెదరకుండా బయటపడ్డవాణ్ణి. కదలని స్తంభాన్ని పోయి గుద్దుతానా?"

"ఎద్దయితే అదే తప్పుకుంటుంది. స్తంభం తప్పుకోదుగా!" కూతురు నవ్వలేదు. "ఒక్కటే చెప్తున్నా నాన్నా. ఈ గీతలు నీవని తేలిందా, కారు తాళాలు నా బ్యాగులోకి వెళ్తాయి. మళ్లీ అడగొద్దు."

డాక్టరుగారి చెయ్యి ఆగింది. ప్రతి గురువారం ఆయన ఊరవతల వీధికుక్కల షెల్టరుకి వెళ్లి ఉచితంగా వైద్యం చేస్తారు. అక్కడికి బస్సు లేదు. అక్కడి మూడు కాళ్ల కుక్క ఒకటి, ఆయన కారు చప్పుడు వింటే చాలు, గేటు దాకా కుంటుకుంటూ వచ్చేస్తుంది. భార్య పోయాక ఆయన రాక కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే. తాళాలు పోతే గురువారాలు పోయినట్టే.

"నేను కాదమ్మా, కేకులావిడ స్కూటరు. ఆవిడే ఒప్పుకుంది కదా!"

కేకులావిడది రెండో అంతస్తు. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఆమె స్కూటరు చోటు సరిగ్గా ఈ స్తంభం పక్కనే. ఎండాకాలం మొదట్లో బంపరు మీద తొలి గీత చూసి డాక్టరుగారు బుర్ర గోక్కుంటూ నిలబడితే, మెట్లు దిగుతున్న ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయ్యో, నా స్కూటరు పెట్టె తగిలినట్టుందండీ!" అని తెగ నొచ్చుకుంది. ఆ సాయంత్రమే ఒక గిన్నె పట్టుకొచ్చింది. కేకు సమంగా ఉండాలని పైన ఉబ్బిన భాగం కోసేస్తారట, ఆ ముక్కలు.

"చూపుకి ఆనవు గానీ రుచికి లోటు లేదండీ," అంది.

అప్పట్నుంచి గీత పడ్డప్పుడల్లా గిన్నె వచ్చేది. ఆయన టీ పెట్టేవారు. ఆ ఇంట్లో రెండో కప్పు మళ్లీ అలమర దిగింది అలాగే.

ఆవిడ మీద ఆయనకెప్పుడూ కోపం రాలేదు. తను ఎప్పుడు కారు తీసినా స్కూటరు చోటు ఖాళీగానే ఉండేది. ఒంటిచేత్తో అంత తిరుగుడు తిరిగే మనిషి, ఏదో తొందరలో గీస్తే గీసింది!

"సరే," అంటూ కూతురు రబ్బరు పట్టీని అరచేత్తో గట్టిగా నొక్కి అంటించింది. "స్కూటరు ఎంత రాసుకున్నా ఇక గీత పడదు. పడిందా, అది స్తంభం పనే. అప్పుడు మాట్లాడుకుందాం."

గురువారం షెల్టరు నుంచి డాక్టరుగారు ఈలపాటతో తిరిగొచ్చారు. కారు వెనక్కి పెడుతుంటే చక్రం కింద రాయి పడ్డట్టు చిన్న కుదుపు. సెల్లారు ఊడ్చేవాళ్లే లేరనుకుంటూ పైకి వెళ్లిపోయారు.

ఆదివారం కూతురు వచ్చింది. తండ్రిని పలకరించనైనా లేదు, నేరుగా కారు వెనక్కి నడిచింది. రబ్బరు పట్టీ ఒక మూల చిరిగి వేలాడుతోంది. దాని కింద కొత్త గీత. అందులో తెలుపు.

"నాన్నా." కూతురు చెయ్యి చాపింది. "తాళాలు."

డాక్టరుగారు జేబులో చెయ్యి పెట్టి, తాళాలు తీసి, కూతురి అరచేతిలో పెట్టారు.

కేకు డబ్బాతో గేటు వైపు నడిచి వెళ్తున్న కేకులావిడ ఆగింది. బంపరు చూసింది, కూతురి చెయ్యి చూసింది, డాక్టరుగారి మొహం చూసింది.

"అమ్మాయ్, ఆయన్నేమీ అనకు. అది నా నిర్వాకమే!"

"రబ్బరు ఉండగా ఎలా ఆంటీ?"

"రబ్బరుందన్న ధైర్యంతోనేనమ్మా! ఇంకేం భయం లేదు కదా అని ఒక్క ఊపున తిప్పాను. పెట్టె మూల గుచ్చుకుని చిరిగి ఊరుకుంది."

"మరి ఈ సున్నం?"

"సున్నమా!" కేకులావిడ పకపకా నవ్వి తన చెయ్యి చూపించింది. మోచేతి దాకా తెల్లగా ఉంది. "మైదాపిండమ్మా. నా చేతులకీ మైదానే, నా బండికీ మైదానే. నన్ను పట్టుకోవాలంటే పోలీసు కుక్క అక్కర్లేదు, చీమ చాలు."

కూతురికి నవ్వు ఆగలేదు. తాళాలు మళ్లీ తండ్రి జేబులో వేసింది.

"కాస్త చూసి నడపండి ఆంటీ. మా నాన్న మొహమాటానికి ఏమీ అనరు."

"అలాగేనమ్మా, తప్పు నాదే," అని తల వంచుకుని వెళ్లిపోయింది కేకులావిడ.

డాక్టరుగారికి ప్రాణం లేచొచ్చింది. కానీ సాయంత్రమయ్యేసరికి ఒక ముల్లు గుచ్చుకోసాగింది. పాపం, తన కారు మూలాన పెద్దమనిషి చిన్నపిల్ల చేత మాటపడింది. తన వంతుగా ఏదైనా చెయ్యాలి. లిఫ్టు దగ్గర అపార్ట్‌మెంటు సెక్రటరీ కనబడగానే ఆపేశారు.

"చూడండి, ఆ స్తంభం పక్కనుంచి నా కారు తీసేసి గోడవైపు ఖాళీలో పెట్టుకుంటాను. అక్కడ చోటంతా కేకులావిడ స్కూటరుకి వదిలేద్దాం. ఆ ఇరుకులో బండి తిప్పలేక తెగ అవస్థపడుతోంది."

"ఏ స్కూటరండీ?"

"అదేనయ్యా, వెనక పెద్ద పెట్టె ఉంటుంది చూడు!"

సెక్రటరీ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"దాన్ని పోయిన చలికాలంలోనే అమ్మేసింది కదండీ!"